అమ్మ కోసం వెతికిన కోర్సు

కంటి ఆసుపత్రికి వచ్చినవాళ్ల కళ్లల్లో మందు చుక్కలు వేసే ఉద్యోగం కాబట్టి వీధిలో అందరూ ఆమెను చుక్కల పిల్ల అనేవారు. ఏదో చిన్న కోర్సు చదివి సంపాదించిన ఉద్యోగం. దాంతో తృప్తిపడి ఊరుకుంటే ఈ కథే లేదు. నర్సింగు డిగ్రీ చదవాలి, ఆడవాళ్ల జబ్బులు చూసే నర్సు కావాలి అని పట్టుబట్టింది.

కారణం వాళ్లమ్మ. ఆవిడ దర్జీ. కొన్నాళ్లుగా మిషను జోలికి పోవడం మానేసి, ఎత్తు బల్ల దగ్గర నిలబడి గుడ్డ కత్తిరించే పని మాత్రమే చేసేది. భోజనం కూడా నిలబడే. అడిగితే "కూర్చుంటే ఒళ్లు పెరుగుతుందే" అని నవ్వేసేది. చివరికి ఒకరోజు స్నానాలగదిలో గోడ పట్టుకుని వంగిపోయి కనిపించింది. గర్భసంచి జారింది, కూర్చుంటే ఒత్తుకుని నొప్పి. లోపలికి తోసుకుంటూ, గుడ్డ కట్టుకుంటూ, కన్నకూతురికి కూడా చెప్పకుండా నెట్టుకొస్తోంది మహాతల్లి!

"డాక్టరు దగ్గరికి పద" అంటే, "ఛీ, ఎవరెవరికో చూపించుకోనా? నువ్వు చదువుకుని రా, నీకైతే చూపిస్తా" అని తేల్చేసింది. బతిమాలినా, అరిచినా, తిండి మానేసినా అదే మాట. ఇంత మొండితనం ఏ తల్లికీ ఉండకూడదు బాబూ!

సరే, కాలేజీల వేట మొదలైంది. తోడు బాబాయి. ఆయన దృష్టిలో కాలేజీ అంటే లిఫ్టు, కాంటీను. మొదటిచోట టీ తాగి "ఇదే ఖాయం చేసెయ్యమ్మా" అన్నాడు. కౌంటరులో టై కట్టుకున్న పెద్దమనిషి అంతకన్నా హుషారు.

"ఆడవాళ్ల విభాగమా? బ్రహ్మాండమండీ! మా కాన్పుల వార్డు చూస్తే మీరు వదలరు."

"కాన్పులు కాదండీ. యాభై దాటినవాళ్ల గురించి ఏం నేర్పిస్తారు?"

"వాళ్లకేముంటుందమ్మా?"

చుక్కల పిల్లకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఏముంటుందా? కాన్పు అయిపోగానే ఆడదాని ఒళ్లు మాయమైపోతుందా?

రెండో కాలేజీ ఇంటికి దగ్గర. అక్కడ ఆడవాళ్ల ఆరోగ్యమంటే అద్దాల బీరువాలో ఉన్న ప్లాస్టిక్ బొమ్మ. తాళంచెవి ప్రిన్సిపాల్ గారి దగ్గర, ప్రిన్సిపాల్ గారు సెలవులో.

"బొమ్మ బాగానే ఉందిగా" అన్నాడు బాబాయి.

"అయితే నువ్వే చేరు బాబాయ్!" అని నడివీధిలో అరిచింది. ఆయన బిక్కమొహం వేశాడు.

మూడోది బస్సు దిగి మళ్లీ బస్సెక్కాల్సినంత దూరం. గోడలు పెచ్చులూడుతున్నాయి, లిఫ్టు పనిచెయ్యదు. కానీ అక్కడ ఒక గది ముందు బెంచీ నిండా అమ్మ వయసు ఆడవాళ్లు. కొందరు కూర్చోలేక నిలబడ్డారు. లోపల తల నెరిసిన నర్సమ్మ, "ఈ పిల్లలు ఉండొచ్చా తల్లీ?" అని ఒక్కొక్కరినీ అడిగి మరీ, జారిన గర్భసంచిని పైన నిలిపే రింగు ఎలా పెట్టాలో విద్యార్థులకు నేర్పుతోంది. చుక్కల పిల్లకి ఏడుపొచ్చింది. వెతికింది దొరికింది, ఏం లాభం? కోర్సు నాలుగేళ్లు. ఆ గదిలోకి రానిచ్చేది ఆఖరి ఏడాదిలోనే.

ఇంటికొచ్చి చెప్పింది. అమ్మ బల్ల దగ్గర నిలబడి గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తోంది.

"అందులోనే చేరు" అంది.

"నాలుగేళ్లమ్మా! అన్నాళ్లూ ఇలాగే నిలబడతావా? నిన్ను చూస్తూ నేనెలా చదవను?"

"నాలుగేళ్లెంతలే. ఇప్పటిదాకా ఓర్చుకోలేదూ?"

"మిషను మానేసినప్పటి నుంచేగా?"

అమ్మ సుద్ద పక్కన పెట్టింది. "అప్పుడు ముదిరింది. మొదలైంది నీ కాన్పప్పుడు."

చుక్కల పిల్ల వయసెంతో అమ్మ బాధ వయసూ అంతే. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కత్తెర తీసి విసిరికొట్టబోయి, ఆగి, బల్ల మీదే పెట్టేసింది.

"అందులోనే చేరతా. కానీ చేరేరోజు నువ్వూ రావాలి. ఆ నర్సమ్మ చూస్తుంది, నేను నీ పక్కనే ఉంటా. రానంటే చదువూ వద్దు, ఏమీ వద్దు. జన్మంతా చుక్కలేసుకుంటూ బతుకుతా!"

"ఈ మొండితనం ఎక్కణ్ణించి వచ్చిందో" అని గుమ్మంలోంచి గొణిగాడు బాబాయి.

అమ్మ సుద్ద తీసుకుని, గీసిన గీత మీదే మళ్లీ గీసింది. తలెత్తకుండానే అడిగింది.

"ఆ నర్సమ్మ చేతులు చల్లగా ఉంటాయంటావా?"