తెల్లసొన మా వంతు

బోధన్‌లో నేను చదివిన కాన్వెంటు హాస్టల్లో మాకు కోడిగుడ్డు అట్టు పెట్టారంటే ఎవరో పెద్దవాళ్లు వస్తున్నారని అర్థం. ఆ అట్టు తెల్లగా ఉండేది. ఎంత వెదికినా ఎక్కడా పసుపు చుక్క కనిపించేది కాదు. మేమంతా ఇళ్ల దగ్గర కోళ్లు పెంచుకున్న వాళ్ల పిల్లలమే, గుడ్డులో ఇంకేం ఉంటుందో తెలియనివాళ్లం కాదు. అడగడానికి నోరు రాక ఊరుకునేవాళ్లం.

పచ్చసొన ఎక్కడికి పోయేదో నాకు మాత్రం తెలుసు. ఆ వంటగదిలో వంటమనిషి మా అమ్మే. మా ఇళ్లల్లో అమ్మను అవ్వ అంటాం. అవ్వ అక్కడ వండిపెడుతుంది కాబట్టి నా చదువుకు ఫీజు లేదు.

వంటగది పెత్తనం చూసే సిస్టరుది గోవా. పోర్చుగీసు కాలం నుంచి వాళ్ల కాన్వెంట్లలో చేసే మిఠాయి ఒకటి ఆవిడ అవ్వకు నేర్పింది. పేరు బెబింకా. పచ్చసొనలు, చక్కెర, కొబ్బరిపాలు, కొంచెం మైదా కలిపి, గిన్నెలో నెయ్యి వేసి పలచగా ఒక పొర పోయాలి. మూత మీద నిప్పులు పెట్టి, అది ఎర్రగా కాలాక మళ్లీ నెయ్యి, మళ్లీ పొర. ఇలా ఒక పూటంతా పొయ్యి ముందు కూర్చోవాలి. నిప్పుల సెగకు అవ్వ మొహం కందిపోయేది. రుచి చూసే పని మాత్రం సిస్టరుదే. అతిథులకని చేసింది ఇంకెవరూ ఎంగిలి చేయకూడదని కట్టడి. చెరకు నరికే వాళ్ల పిల్లలమే హాస్టల్లో ఎక్కువ. చక్కెర మా ఊరి ఫ్యాక్టరీది, గుడ్లు మా ఊరి కోళ్లవి, తినేవాళ్లు మాత్రం కార్లలో వచ్చేవారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, సిరికొండ అవతలి పల్లె నుంచి వచ్చి ఆరో తరగతి చదువుతున్న ఒక పిల్ల హాస్టల్లోనే పెద్దమనిషి అయింది. ఇంటి దగ్గరుంటే తల్లి పచ్చిగుడ్లు తాగించేది, నువ్వులూ బెల్లమూ తినిపించేది. తల్లి దగ్గర లేదు, పిల్ల ఏడుపు ఆపదు. మర్నాడు ఎవరో అతిథులు వస్తున్నారని అవ్వ అప్పటికే గుడ్లు కొట్టి, సొనలు వేరు చేసి పెట్టింది. అందులో నుంచి కొన్ని పచ్చసొనలు తీసి, బెల్లం కలిపి, వంటగది వెనక ఆ పిల్లను కూర్చోబెట్టి తాగించింది.

"తాగు బిడ్డా. నడుము గట్టిపడ్తది. మీ అవ్వ ఉంటె గిదే ఇస్తుండె గదా," అంది.

ఆ రోజు బెబింకా పొరలు తగ్గాయి. సిస్టరు కంటికి అది ఆనకుండా పోతుందా? ఆఫీసు గుమాస్తా, పక్కూరి చర్చి ఫాదరు కూర్చుని ఉండగానే అవ్వను పిలిచి సొనలు ఏమయ్యాయని అడిగింది.

"నేనే తీసిన సిస్టర్," అంది అవ్వ. ఎందుకు తీసిందో చెప్పలేదు. తల వంచుకుని నిలబడింది.

మా వైపు ఆ ముచ్చట మగవాళ్ల ముందు నోట రాదు. సిస్టరు ఒక్కతే ఉన్నప్పుడు చెబుదామనుకుంది అవ్వ. సిస్టరుకు 'నేనే తీసిన' అన్న ఆ ఒక్క మాటే చాలు. సాయంత్రానికల్లా అవ్వకు పని పోయింది, నాకు బడి పోయింది. ట్రంకు పెట్టె మోసుకుంటూ నేను దారంతా అవ్వను తిట్టాను.

"చెప్తే ఏమైతుండె? నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా?"

"మొగోళ్ల ముంగట ఆడపిల్ల ముచ్చట ఎట్ల చెప్తనే? గా పిల్ల ఇజ్జత్ ఏంగావాలె?"

మర్నాడు చెబుదామని వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. ఆ తర్వాత కొన్నాళ్లకు సిస్టరు గోవాకు బదిలీ అయిపోయింది. వంటగదిలో దొంగతనం చేసిందన్న పేరుతో బోధన్‌లో ఏ ఇంట్లోనూ అవ్వకు వంటపని దొరకలేదు. నిజామాబాద్ వచ్చి పసుపు కొమ్ములు ఏరే కైకిలికి, రోజుకూలీగా కుదిరింది. నేను సర్కారు బడిలో చేరాను. ఫ్యాక్టరీ కూడా మూతపడింది కానీ, అప్పటికి మాకు ఆ ఊరితో సంబంధం లేదు.

మొన్న బోధన్ కాన్వెంటు బడి జూబిలీ జరిగింది. పాత వంటకాల పండుగ పెడుతున్నాం, మీ అమ్మగారు బెబింకా చేసేవారట కదా, వస్తారా అని ఫోను. నాకు ఒళ్లు మండిపోయింది. రారని చెప్పబోతుంటే అవ్వ ఫోను లాక్కుని, సిస్టరు వస్తుందా అని అడిగింది. వస్తుందట. అంతే, పెట్టెలోంచి మంచి చీర తీసింది.

"ఎందుకే అవ్వా పోవుడు?"

"చెప్పేది ఉన్నది. దొంగ పేరు పెట్టుకొని సావాల్నా?"

అదే వంటగదిలో, ఈ వయసులో, నిప్పులు అడిగి తెప్పించుకుని మరీ చేసింది. పొర పొరకూ సిస్టరు వచ్చిందా అని అడుగుతూనే ఉంది. బయట హైదరాబాద్ నుంచి వచ్చిన వక్త మైకులో చెబుతున్నాడు. పోర్చుగల్ కాన్వెంట్లలో బట్టలకు గంజి పెట్టడానికి తెల్లసొన వాడేవారట. మిగిలిపోయిన పచ్చసొనలు పారేయలేక చక్కెరతో ఇన్ని రకాల మిఠాయిలు కనిపెట్టారట. అందరూ చప్పట్లు కొట్టారు. మరి ఇక్కడ తెల్లసొన ఏం చేశారని ఒక్కరూ అడగలేదు. లేచి చెబుదామనుకున్నాను. అవ్వ రోజు పాడుచేయడం ఎందుకని పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను.

సిస్టరు బాగా ముసలిదైపోయింది. చక్రాల కుర్చీలో ఉంది. అవ్వను గుర్తుపట్టి రెండు చేతులూ పట్టుకుంది. అవ్వ ఆమె పక్కన కింద కూర్చుని, మగవాళ్లెవరూ దగ్గర లేరని చూసుకుని, మొత్తం చెప్పింది. ఆ పిల్ల, ఆ బెల్లం, ఆ సొనలు. చెబుతూ ఏడ్చింది.

సిస్టరు శ్రద్ధగానే విన్నది. "ఏ పిల్ల? నాకు యాద్ లేదు," అంది. "దొంగతనమా? ఎవరన్నరు? నువ్వు బిడ్డ పెళ్లి అని పని బంద్ చేసినవ్ కదా?" నవ్వి అవ్వ చెంప నిమిరింది.

నా పెళ్లి అప్పటికి ఎక్కడిది! అరవాలనిపించింది. ఆ ముసలిమనిషి అబద్ధం ఆడటం లేదు, అదే నన్ను ఎక్కువ కాల్చింది. అవ్వ ఇన్నేళ్లు మోసినదాన్ని ఆమె ఒక్కరోజు కూడా మోయలేదు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

బల్ల మీద బెబింకా ముక్కలు పళ్లెంలో పేర్చి ఉన్నాయి. అవ్వ నేరుగా వెళ్లి ఒకటి తీసుకుంది. ఎవరూ ఆపలేదు. అన్నేళ్లు చేసిన దాన్ని మొదటిసారి నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. సగం ముక్క మళ్లీ పళ్లెంలో పెట్టేసి నా వైపు తిరిగింది.

"గింతేనానే?" అంది. "గీ తీపి కోసమేనా నీ సదువు ఆగం జేసిండ్రు?"