దాచుకున్న గడ్డ నుండి దేవుడు నన్ను విడిపించిండు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, అందరికీ వందనాలు. నా పేరు రూతు. పినపాక దగ్గర అడవి అంచు ఊర్లె ఆశా వర్కర్‌గా చేస్తున్న. నా చీకటి రోజుల సంగతి ఈ పొద్దు సిగ్గుపడకుంట చెప్తా, ఎందుకంటే ఆ సిగ్గే నన్ను చంపబోయింది!

పోయినేడు మిరపకాయలు ఏరే కాలంల, స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ముల గోలీకాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు, మంట లేదు. నొప్పి లేదని గడ్డను వదిలెయ్యొద్దని ఇంటింటికి తిరిగి ఆడోళ్లకు చెప్పేది నేనే, అయినా నా గడ్డ సంగతి నా భర్తకు గూడ చెప్పలే. మా అమ్మ గిట్లనే దాచుకొని దాచుకొని, అది పుండైనంక దవాఖానాకు పోయి మళ్ల తిరిగి రాలే. ఆ భయం నన్ను పట్టుకుంది. "ప్రభువా, నేను ఎవరికీ చూపించలేను, నువ్వే దీన్ని మాయం చెయ్యి" అని మూడు నెలలు ఏడ్చిన, ఉపవాసాలున్న. గడ్డ ఉన్నకాడనే ఉంది. దేవుని మీద నాకు అలక గూడ వచ్చింది!

గట్ల ఉండంగ మా పల్లె దవాఖానాల క్యాన్సర్ పరీక్షల క్యాంపు పెట్టిండ్రు. ఆడోళ్లను తోలుకొచ్చే పని నాదే. మా ఊరి ముత్తమ్మవ్వ రోజంతా చుట్ట తాగుద్ది, ఆమె మన సంఘపు మనిషి గూడ కాదు, కొలిచేది వాళ్ల వేల్పులను. ఆమెను బతిమాలి ఆటో ఎక్కిచ్చిన. తీరా తలుపు కాడికి వచ్చినంక మొండికేసింది.

"ఏందే బిడ్డా, అందరినీ లోపటికి పంపుతున్నవ్, నువ్వు చూపించుకున్నవా?"

"నాకేం లేదవ్వా."

"ఏం లేకుంటే భయమేంది? ముందు నువ్వు పో, నీ ఎనక నేనొస్తా. లేకుంటే ఇంటికి పోతా."

సహోదరులారా, నా మూడు నెలల ప్రార్థనకు జవాబు ఆ ముసలామె నోట వచ్చింది. ఆమె కంటే ముందు లోపటికి పోయిన, డాక్టరమ్మ చెయ్యి గడ్డ మీద ఆగింది, నేను ఏడ్చుకుంట అంతా చెప్పేసిన. ఇంటికి పోయి నా భర్తకు చెప్తే ఆయన కోపం చెయ్యలే, "ఇన్ని దినాలు ఒక్కదానివే మోసినవా?" అని నా చెయ్యి పట్టుకున్నడు.

ఖమ్మం దవాఖానాల స్కానింగ్ తీసిండ్రు, సూది పరీక్ష చేసిండ్రు. క్యాన్సరే! కాని డాక్టరు, "మొదట్లనే వచ్చినవమ్మా, ఇంకా చంకలకు పాకలే, నయమైతది" అన్నడు. ఆ వరండాలనే కూలబడి ఏడ్చిన, నవ్విన, స్తోత్రం స్తోత్రం అని అరిచిన, జనం నన్ను చూసి పిచ్చిదేమో అనుకున్నరు! ఆపరేషన్ అయింది, గడ్డ మళ్ల రాకుంట రేడియేషన్ కరెంటు పెట్టిండ్రు, మొన్న పరీక్షల ఏమీ లేదన్నరు. ఆ క్యాంపు పొద్దు నా ఎనకనే లోపటికి వచ్చిన ముత్తమ్మవ్వ నోట్లె తెల్ల మచ్చ దొరికితే, అది క్యాన్సర్ కాకముందే చుట్ట బంద్ చెయ్యమన్నరు, నన్ను తిట్టుకుంటనే బంద్ చేసింది!

నేను గడ్డను మాయం చెయ్యమని అడిగిన, ఆయన ముందు నా భయాన్ని తీసిండు, ఆ తర్వాత డాక్టర్ల చేతులతోని గడ్డను తీసిండు. ఇక్కడ కూసున్నోళ్లల్ల ఏదన్న దాచుకొని కుమిలిపోయే అక్కా చెల్లె ఉంటే, మోకాళ్లూని ప్రార్థన చెయ్యమ్మా, లేచి దవాఖానాకు గూడ పో, ఆయన రెండు చోట్లా ఉంటడు. ఒక్కదానివే పోనీకి భయమైతే కూటం అయినంక నాతోని చెప్పు, నేను నీ ఎంబడి వస్తా. నన్ను సజీవుల లెక్కల నిలబెట్టిన నా దేవునికే మహిమ, ఆమేన్!