ఈసారి పగలగొట్టింది మా అమ్మాయి కాదు

ఈ రోజు బాపట్లలో మా పిన్ని గృహప్రవేశానికి వెళ్లాం. మా ఎనిమిదేళ్ల అమ్మాయి కోపం వస్తే చేతికందినవి విసిరేస్తుంది, మనుషుల్ని కొరుకుతుంది. వైద్యం చేయిస్తున్నాం. ఈ రోజు మాత్రం నా పక్కన కూర్చుని బుద్ధిగా పులిహోర తింటోంది. ఇంతలో లోపలి గదిలో అద్దం పగిలిన చప్పుడు వినిపించింది.

"మళ్లీ మీ అమ్మాయేనా?" అని లోపలినుంచే కేకేసింది పిన్ని.

"ఇది నా పక్కనే ఉంది పిన్నీ."

పగలగొట్టింది ఆవిడ మనవడు. "పోనీలే, పిల్లలన్నాక పగలగొట్టరా" అంటూ వాణ్ణి ఎత్తుకుంది. మా అమ్మాయేమో "నేను కాదుగా అమ్మా" అని నన్నే అడుగుతోంది.

మా అమ్మాయికి సారీ చెప్పమని పిన్నితో అన్నాను. "చిన్నపిల్లకి సారీ ఏంటే" అని నవ్వేసింది పిన్ని. చెప్పేదాకా కదలనన్నాను. చివరికి మొహం మాడ్చుకుని చెప్పింది.

"పర్లేదు అమ్మమ్మా" అంది మా అమ్మాయి.

సాయంత్రం నుంచీ బంధువులు ఫోన్లు చేసి నాకు పొగరంటున్నారు. మీరైతే సారీ చెప్పించకుండా వచ్చేసేవారా?