ముందు పరుపు మీద అత్త

మా మేనత్త పోయిన సోమవారం పొద్దున ఆసుపత్రిలో చనిపోయింది. రెండు కిడ్నీలూ ఆగిపోయాయి. ఆమెకు నలభై ఆరేళ్లు. కాటన్‌పేటలో ఆమె పనిచేసిన చీరల అంగడి వాళ్లు చూడడానికి వచ్చి, "మొహం ఎంత కళగా ఉండాదో" అన్నారు.

నన్ను పెంచింది అత్తే. కాన్వెంటు ఫీజు కట్టింది. ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనిచ్చేది. ఏది మంచిదో తెలియక, చేత్తో ఎత్తి చూసి బరువైనది ఎంచేది. "మోసేదాన్ని నేను. బరువు నాకు తెలుసు" అనేది.

అంగడిలో ఆమె పని మోయడమే. పద్దెనిమిదేళ్లు నిచ్చెన ఎక్కి అటక మీంచి చీరల కట్టలు దించింది. కింద తెల్ల పరుపు మీద కూర్చుని, చీర భుజాన వేసుకుని చూపేవాళ్లు వేరే. మీరూ గమనించే ఉంటారు, చీరను మనం ముందు వాళ్ల మీదే చూస్తాం. ఒకరోజు పరుపు మీద ఎవరూ లేక, పెళ్లివాళ్లకు అత్త ఒక ఆకుపచ్చ పట్టుచీర వేసుకుని చూపింది. "మాసినట్టుండాది, వద్దప్పా" అన్నారు. కాసేపటికి పరుపు మీద కూర్చునే తెల్లటి అమ్మాయి వచ్చి అదే చీర వేసుకుంటే బేరమాడకుండా కొన్నారు.

"చీరకి నోరుంటే నీ మీదికి రానంటాది. పోమ్మా పైకి" అని సావుకారు నవ్వాడట. అత్త నాకు నవ్వుతూనే చెప్పింది. అప్పటికే ఆమె మోకాళ్లు నిచ్చెనకు లొంగడం లేదు.

ఆ వారమే ఎక్కడినుంచో ఒక చిన్న క్రీము డబ్బా తెచ్చింది. "చదువు పాపా, ఏమి రాసుండాదో."

మూత మీద ఒక ఆడమనిషి బొమ్మ. అంతే.

"ఏం కలిపారో రాయలేదత్తా."

"నేను ఊరగాయ జాడీ మీద రాస్తానా ఏమి?"

నేను నవ్వి, మళ్లీ పుస్తకంలో తల దూర్చాను.

మూడు నెలల్లో ఆమె తెల్లబడింది. సావుకారు పరుపు మీద కూర్చోబెట్టాడు, జీతం పెంచాడు. కొనేవాళ్లు "అక్కా, మీరే ఎంచండి" అనసాగారు. "నిన్నటిదాకా నాకు చీరలు తెల్దా పాపా?" అనేది అత్త. తర్వాత ఆమె పాదాలు వాచాయి. పొద్దున లేచేసరికి ముఖం ఉబ్బి ఉండేది. అంగడిలో అందరూ ఒళ్లు చేసిందన్నారు, ఇంకా బాగుందన్నారు.

"ముఖానికి ఏమైనా రాస్తున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"పౌడరే" అంది అత్త, నా చేయి గట్టిగా పట్టుకుని. బయటికొచ్చాక, "చెప్తే మాన్పిస్తాది. మళ్లీ నిచ్చెన ఎక్కాల కదా" అంది.

డాక్టరమ్మ గది తలుపు పది అడుగుల దూరంలో ఉంది. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు మొదటినుంచీ బిడియం. వెళ్లలేదు. రెండు నెలల తర్వాత డబ్బా తీసుకెళ్లి చూపించేసరికి ఆలస్యమైపోయింది. "ఇలాంటివాటిలో పాదరసం ఉంటుంది, కిడ్నీలు పాడవుతాయి" అని డాక్టరమ్మ నెమ్మదిగా మూత పెట్టేసింది.

నిన్న అత్త వస్తువులు తెచ్చుకోవడానికి అంగడికి వెళ్లాను. ఆమె తర్వాత అటక ఎక్కినావిడ ఇప్పుడు ముందు పరుపు మీద ఉంది. పక్కకు పిలిచి, ఈసారి ఆ డబ్బా సంగతి అంతా చెప్పాను. ఆమె తల వంచుకుని విని, "మీ అత్తే ఇప్పించిందక్కా" అంది. ఇంతలో ఎవరో పిలిచారు. వెళ్లి గులాబీరంగు చీర భుజాన వేసుకుని, వాళ్లకు కనబడేలా తల పక్కకు తిప్పింది. ముఖం పాలలా తెల్లగా ఉంది. చెవి ఇంకా నల్లగానే ఉంది.