లావెండర్ పెన్సిలు, బూడిద పెన్సిలు

మార్కాపురం బజారులో మాది మ్యాచింగ్ సెంటర్. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో దానికి బోర్డు కూడా లేదు. జాకెట్ గుడ్డలు, లంగా గుడ్డలు, ఫాల్స్, దారపు ఉండలు, అంతే. ఎవరైనా చీర తెచ్చి బల్ల మీద పరిస్తే, అంచు ఒకసారి, కొంగు ఒకసారి చూసి, వెనక్కి తిరిగి అరలోంచి గుడ్డ తాను లాగేదాన్ని. రెండో తాను లాగాల్సి వస్తే నాకు చిన్నతనంగా ఉండేది. మెంతి రంగుకీ గంధం రంగుకీ, వంకాయ రంగుకీ నేరేడు రంగుకీ తేడా చెప్పడానికి నాకు వెలుతురు కూడా అక్కర్లేదని మా ఆయన పదిమందిలో చెప్పేవాడు. నేను కాదనేదాన్ని కాదు.

మా కోడలిది కనిగిరి. కాపురానికి వచ్చినప్పటి నుంచి దుకాణంలో నాకు తోడుగా నిలబడుతుంది. పనిమంతురాలే. కానీ తన అలవాటు ఒకటి నాకు నచ్చేది కాదు. నేను ముక్క చింపి ఇచ్చాక దాన్ని మడిచి కవర్లో పెట్టేది తనే. పెట్టేముందు చీరనూ ముక్కనూ పట్టుకుని గడప దాకా పోయి, ఎండలో దులిపి, అప్పుడు వచ్చేది. ఒక్కోసారి వచ్చి, "దీంట్లో దారం లేచింది వదినా, ఇంకో ముక్క చింపిస్తా" అనేది కొనేవాళ్ళతో. నాకు ఒళ్ళు మండేది. కోరి తెప్పించిన గుడ్డలో రోజూ దారం లేవడమేమిటి? "మన అంగట్లో దుమ్ముందని బజారంతా చాటాల్నా?" అని ఒకసారి అడిగాను. "అలవాటైపోయింది అత్తా" అని ఊరుకుంది. నలుగురి ముందూ నా కంటే తనకే బాగా తెలుసని చూపించుకుంటోందనుకున్నాను.

కిందటేడు తను వాళ్ళ పిన్ని కూతురి పెళ్ళికని కనిగిరి పోయింది. ఆ వారం దుకాణంలో నేనొక్కదాన్నే ఉన్నాను. అప్పుడు చీరకు జాకెట్ గుడ్డ తీసుకుపోయిన గిద్దలూరావిడ తర్వాత తిరిగొచ్చింది. కుట్టించిన జాకెట్‌నూ చీరనూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"ఇదేంది అక్కా, చీరేమో లావెండరు, నువ్విచ్చిందేమో బూడిద. పెండ్లిలో అందరూ నన్నే చూస్తిరి."

నాకు రెండూ ఒకటే రంగుగా కనిపించాయి. ఆవిడే తగువుకొచ్చిందనుకుని నోరు విప్పబోయాను. మా అబ్బాయి లోపల్నుంచి వచ్చి చూసి, ఆవిడకు డబ్బు తిరిగి ఇచ్చి, "అమ్మా, కండ్లు చూపిచ్చుకుందాం పా" అన్నాడు.

రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయన్నారు. ముందు కుడికన్ను చేశారు. ఎడమది కొన్ని నెలలాగి చేస్తామన్నారు. గుడ్డల అంగట్లో నూగు ఎగురుతుంది కాబట్టి అక్కడికి పోవద్దన్నారు. ఆపరేషన్‌కి నేను భయపడలేదు, దీనికి భయపడ్డాను. నేను ఇంట్లో ఉంటే నా స్టూలు మీద కోడలు కూర్చుంటుంది. రంగు కనిపెట్టలేని మనిషికి మ్యాచింగ్ సెంటర్లో పనేముంది? తిరిగిపోయి లేవమంటే తను లేస్తుందా, అడిగే ముఖం నాకుంటుందా? ఎవరికీ చెప్పలేదు గానీ అన్నం సహించేది కాదు.

ఆ రోజుల్లోనే కోడలు ఫోనులో ఆర్డరు పెట్టి ఒక పుస్తకం తెప్పించింది. పెద్దవాళ్ళు రంగులు వేసుకోవడానికట. పేజీకొక బొమ్మ, నెమళ్ళు, ఏనుగులు, చుట్టూ సన్నటి అల్లికలు.

"ఊరికే టీవీ ముందర కూచుంటే తోచదు అత్తా. డాక్టర్ని అడిగినా, కొంచెం కొంచెం వేసుకోవచ్చన్నాడు. రంగులు మాత్రం నువ్వే పోయి తెచ్చుకో. నేను తెస్తే నీకు నచ్చవు."

పిల్లల పుస్తకం చేతికిచ్చి మూల కూర్చోబెడుతోందనుకున్నాను. అయినా పోయాను. రంగులు కొనడమంటే కాళ్ళు ఆగలేదు.

మాది పలకల ఊరు. పుస్తకాల అంగట్లో ముందు వరసలో పలకలూ బలపాలే ఉంటాయి, రంగులు వెనక. అంగడతను నా నల్లద్దాలు చూసి, "మనవరాలు ఏ క్లాసు పిన్నీ?" అన్నాడు. నాకేనన్నాను. విరగవని చెప్పి క్రేయాన్లు తీశాడు. నేను పుస్తకం తెరిచి చూపించాను. నెమలి ఈకలో ఒక్కో గడి జీలకర్ర గింజంత ఉంది. క్రేయాన్ మొన నా చిటికెన వేలంత ఉంది. స్కెచ్ పెన్నులు తీశాడు. మూలన చిన్న గీత గీశాను, అవతలి పేజీలో ఏనుగు చెవి మీద మచ్చ తేలింది. కాగితానికి రెండు వైపులా బొమ్మలున్న పుస్తకానికి స్కెచ్ పెన్ను పనికిరాదని అక్కడే తేలిపోయింది. నీళ్ళ రంగులు వద్దని నేనే అన్నాను. ఆ కాగితం తడిస్తే అప్పడంలా లేస్తుంది.

మిగిలింది పెన్సిళ్ళు. రెండు మూడు పెట్టెలు బల్ల మీద పెట్టాడు. నేను వాటిని పట్టుకుని గడప దగ్గరికి పోయి, ఎండకు పెట్టి, ఒక్కో పెన్సిలు ఒంటి మీది రంగు చూశాను. చిలకపచ్చ బాగున్న పెట్టె ఏరుకున్నాను. ఇన్నేళ్ళు రంగులమ్మిన మనిషిని, పెన్సిళ్ళు ఏరడం ఎంత పని అనుకున్నాను.

ఇంటికొచ్చి గీస్తే చిలకపచ్చ కాస్తా వాడిపోయిన తోటకూర రంగైంది. ఎరుపు గులాబీలోకి దిగింది. పసుపు పడిందో లేదో తెలియలేదు. గుడ్డకు పైన ఉన్న రంగే రంగు. పెన్సిలుకు పైన పూసింది వేరు, కడుపులో ఉన్నది వేరు. పైగా మొన గట్టిగా ఉండి, ఒత్తితే కాగితం గీరుకుపోయింది.

మర్నాడు మళ్ళీ పోయాను. ఈసారి గీసి చూపించమన్నాను.

"పెట్టె విప్పితే ఇంకెవరు కొంటారు పిన్నీ?"

"తాను విప్పకుండా మీ ఇంట్లోవాళ్ళకు ఎప్పుడైనా గుడ్డ ఇచ్చినానా నాయనా?"

నవ్వి, విప్పాడు. మెత్తటి మొన ఉన్నవి తీసుకున్నాను. అవి ఒత్తకుండానే రంగు వదులుతాయి, ఒకదాని మీద ఒకటి వేసినా పడతాయి. నీలం మీద గులాబీ తేలిగ్గా వేస్తే మా అరలో ఉన్న నేరేడు తాను రంగు వచ్చింది. ఖరీదు కొంచెం ఎక్కువే, కాని రంగు పడని పెన్సిలు ఎంత చవకైనా దండగే. మెత్తటి మొనలు మామూలు షార్ప్‌నర్లో పుటుక్కుమంటాయని, ఇనుపది, పదునున్నది, విడిగా తీసుకున్నాను.

మిల్లుల ఏజెంట్లు మాకు షేడ్ కార్డు ఇస్తారు. ప్రతి రంగు గుడ్డా చిన్న ముక్కగా కత్తిరించి వరసగా అంటించి ఉంటుంది. నేనూ పుస్తకం చివరి అట్ట లోపల ప్రతి పెన్సిలుతో ఒక్కో గడి నింపి షేడ్ కార్డు చేసుకున్నాను. ఇక పైపూత చూసి మోసపోయే పని లేదు. కొత్త కంటితో ఆ గడులు చూస్తుంటే కడుపు నిండినట్టుంది. నీలాలు అంత నీలంగా ఉంటాయని మర్చిపోయాను.

ఒక మధ్యాహ్నం కుడికంట్లో చుక్కలు వేసుకుని, దాన్ని మూసుకునే పుస్తకం తీశాను. ఎడమకంటితో షేడ్ కార్డు చూశాను. లావెండర్ గడి, బూడిద గడి ఒకటే. కుడికన్ను తెరిచాను, వేరు. మూశాను, ఒకటే. చాలాసేపు అట్లా తెరుస్తూ మూస్తూ కూర్చున్నాను. అంటే ఆపరేషన్‌కి ముందు రెండు కళ్ళతోనూ నేను చూసింది ఇదే.

అప్పుడు నాలోని దుకాణం మనిషి లెక్క వేయడం మొదలుపెట్టింది. ఈ మధ్య వచ్చిన చీరల్లో లావెండర్ లేని రోజు లేదు. నాకు అది బూడిదగా కనిపిస్తుంటే ఎంతమందికి బూడిద చింపి ఉంటాను? మరి తిరిగొచ్చింది గిద్దలూరావిడ ఒక్కతే ఎందుకు? ఆవిడ గుడ్డ కొన్న వారం కోడలు కనిగిరిలో ఉంది.

గడప దాకా పోవడం, దులపడం, దారం లేచిందనడం అన్నీ వరసగా గుర్తొచ్చాయి. సిగ్గేసింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కదల్లేదు.

తను దుకాణం కట్టేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను.

"నువ్వు గడప దగ్గరికి పోయేది దులపడానికేనా?"

తను చెంబు కింద పెట్టింది.

"ఎప్పటి నుంచి?"

"రెండేండ్ల నుంచి ఉండచ్చు అత్తా."

"నాకు చెప్పొచ్చు గదా."

"నువ్వు చింపిన ముక్క తప్పని నీకెట్ల చెప్పేది? కండ్లు చూపిచ్చుకోమని నీ కొడుకుతో చెప్పిస్తే నువ్వు వింటివా?"

నిజమే. వినలేదు. ఇంకేం అడగాలో తోచక దుకాణం ప్రశ్నే అడిగాను.

"చింపిన ముక్కలన్నీ ఏం చేసినావు?"

"వేరే చీరలకు సరిపోయినాయి అత్తా. ఒక్కటి కూడా పారేయలేదు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొత్త కన్ను తడపకూడదన్నారని తనే పరుగున దూది తెచ్చి అద్దింది.

చలికాలంలో ఎడమకన్ను కూడా అయింది. నెమలి పూర్తి చేశాను, ఏనుగు సగంలో ఉంది, చెవి మీది మచ్చను పువ్వుగా మార్చాను. ఉగాది ముందర మళ్ళీ దుకాణానికి పోయాను. నన్ను చూడగానే కోడలు స్టూలు మీంచి లేచింది. కూర్చున్నాను.

ఆ రోజు కంభం నుంచి వచ్చినావిడ లావెండర్ చీరే పరిచింది. ఒకసారి అంచు, ఒకసారి కొంగు చూసి, తాను లాగాను. సరైనదేనని నాకు తెలుసు. చింపాను. కవరు కోసం చేయి చాచి, మళ్ళీ ఆగి, చీరనూ ముక్కనూ కోడలి చేతికిచ్చాను.

"గడప దగ్గర చూసి రాపో."

తను నా ముఖం వైపు చూసి, తీసుకుని పోయింది. ఎండలో రెండూ పక్కపక్కన పట్టుకుంది. ఆ పూట దులపలేదు. కంభం ఆవిడా నేనూ ఎదురు చూశాం.

"కుదిరింది అత్తా" అంది అక్కడి నుంచే.

అప్పుడు కవరు తీశాను.