తోకకు రెండు ఈలలు

మా పరుగుల జట్టు నెలకోసారి కొండల్లోకి దూరం పరుగు పెట్టుకుంటుంది. అందులో పోటీ ఏమీ లేదు, కబుర్లు చెప్పుకుంటూ పోయి రావడమే. కాకపోతే అందరికంటే వెనకబడినవాళ్ళకు తోడుగా చివరిదాకా ఒక మనిషి ఉండాలి. ఆ మనిషిని మేం 'తోక' అంటాం. తోక మెడలో ఒక ఈల వేస్తాం. దారిలో ఎవరైనా కూలబడితే తోక ఈల వేస్తుంది, మా వెంట నీళ్ళు మోసుకొచ్చే ఆటో వెనక్కి వచ్చి ఎక్కించుకుంటుంది. ఓపిక దండిగా ఉన్నవాళ్ళకే తోక పని ఇస్తారు.

మొన్నటి వానల్లో బండి మీంచి పడి నా చీలమండ విరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకుని రెండు నెలలు మంచం దిగలేదు. కట్టు విప్పాక కూడా కాలు మునుపటిలా లేదు. యాభై నాలుగేళ్ళ మనిషికి ఇంకా ఏం పరుగులని ఇంట్లో రోజూ సతాయింపే. విని విని విసుగెత్తి మా ఆవిడతో ఒక మాట అనేశాను: చంద్రగిరి కోట నుంచి కల్యాణి డ్యాం దాకా పోయి, ఆటో ఎక్కకుండా తిరిగొస్తే సరి, లేదంటే బూట్లు అటక మీదికి. ఆ మాట ఎట్లాగో జట్టువాళ్ళ చెవినా పడింది.

ఆ ఆదివారం తెల్లారకముందే కోట దగ్గర చేరాం. మా జట్టు పెద్ద నా మెడలో ఈల వేసి, "అన్నా, ఈ పొద్దు తోక నువ్వే. ఆ కొత్త పాపను సూసుకో," అన్నాడు. లోపల పొంగిపోయాను. ఆ 'పాప' ముప్పై దాటిన మనిషి, ఆసుపత్రిలో నర్సు. మాతో చేరి నెల కూడా కాలేదు.

ఆమె పరుగు గురించి ఏం చెప్పేది! కిలోమీటరుకోసారి ఆగి బూటు లేసు బిగించుకుంటుంది. కాసేపు పోగానే కొండ బాగుందని ఫోను తీస్తుంది. ముందువాళ్ళు మలుపు తిరిగి ఎప్పుడో మాయమయ్యారు. లేసు కట్టుకోవడం రాని మనిషికి పరుగులెందుకని మనసులో తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే, ఆమె వంగినప్పుడల్లా ఏ రాయి మీదో కూర్చుని చీలమండ పిసుక్కునేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ లేసు ఊడకపోతే నేను డ్యాం ముఖం చూసేవాణ్ణి కాదు.

తిరుగుదారిలో ఎండెక్కింది. కొండలు అందంగానే ఉండి ఉంటాయి, నాకు తారు రోడ్డు తప్ప ఏమీ కనబడలేదు. ఆకలి, కాలి సలుపు, ఎందుకొచ్చిన కర్మరా అనిపించింది. ఇంకా మూడు కిలోమీటర్లుందనగా నీళ్ళ ఆటో పక్కన ఆగింది. డ్రైవరు నన్నే చూస్తూ ఎక్కమన్నాడు. నా చేయి కమ్మీ మీద పడింది కూడా. ఆమె అడ్డం వచ్చి, "మేం నడిసొస్తాం, నువ్వు పోప్పా," అంది. ఆటో కదిలిపోతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ మూడు కిలోమీటర్లూ కుంటుతూనే వచ్చాను.

మేం చేరేసరికి అందరూ ఇడ్లీలు తిని చేతులు కడుక్కుంటున్నారు. మమ్మల్ని చూసి చప్పట్లు కొట్టారు. ఆమె స్కూటరు తాళం కోసం జేబులో చేయి పెట్టింది. తాళంతో పాటు ఒక ఈల కింద పడింది. నా ఈల నా మెడలోనే ఉంది.

"మరి లేసు?" అని మాత్రం అడిగాను.

"ఒక్కసారి కూడా ఊడలేదన్నా," అంది ఆమె నేల చూపులు చూస్తూ. "జట్టోళ్ళు నీకు సెప్పొద్దన్నారు."

సిగ్గు ముంచుకొచ్చింది. దాని వెనకే కోపమూ వచ్చింది గానీ, కోప్పడే ఓపిక ఎక్కడిది? గట్టు మీద కూలబడి చల్లారిన ఇడ్లీలు తిన్నాను.

ఇంటికి పోగానే మా ఆవిడ ఆటో ఎక్కావా అని అడిగింది. లేదన్నాను. ఆమె బకెట్లో వేణ్ణీళ్ళు తెచ్చి, వాచిన కాలు అందులో పెట్టించింది. అప్పుడు చూసింది, నా మెడలో మర్చిపోయిన ఈలను. అదేమిటంది. వెనకబడినవాళ్ళను చూసుకునే మనిషికి ఇస్తారని చెప్పాను.

"అట్లయితే దాన్ని నాకియ్యల్ల," అంది, కాలి మీద నీళ్ళు పోస్తూనే.

తీసి ఆమె చేతిలో పెట్టాను. బూట్ల మాట ఇద్దరమూ ఎత్తలేదు.