మందు డ్రమ్ముకు దక్కని దీవెన

నందిగామకు ఎగువన మునేటి ఒడ్డున ఉన్న ఓ చిన్న ఊరి చర్చికి జీవరత్నం ఉపదేశి. విచారణ గురువులైన ఫాదర్‌గారు నెలకోసారి నందిగామ నుంచి వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. తక్కిన ఆదివారాల్లో ప్రార్థన నడిపించడం, పిల్లలకు జపాలు నేర్పడం, పోయినవాళ్ళను సమాధి దాకా సాగనంపడం అన్నీ అతని బాధ్యతే.

ఏరువాకకు ముందు పొలాలు దీవించే రోజంటే మాత్రం అతనికి పండగ. ఫాదర్‌గారు మంత్రించి ఇచ్చిన నీళ్ళ చెంబు పట్టుకుని గట్టుగట్టూ తిరిగేవాడు. మామిడి మండతో నీళ్ళు చల్లుతూ వానను, విత్తనాన్ని, కాడెద్దులను, మట్టిలోని ఎర్రలను, గింజలు ఏరుకు తినే పిచ్చుకలను పేరుపేరునా దేవుడికి అప్పజెప్పేవాడు. అన్నిటికీ చివర ఒకటే మాట: "బతకనివ్వు తండ్రీ." చిన్నప్పుడు ఇటలీ నుంచి వచ్చిన ఓ ముసలి ఫాదర్ నేర్పిన ప్రార్థన అది. "భూమి దేవుడిదిరా రత్నం, మనం పాలేళ్ళం. యజమాని వచ్చి పొలం చూపించమంటాడు, గుర్తుంచుకో" అని కూడా ఆయన చెప్పాడు.

ఊళ్ళో పెద్ద రైతు దశరథరామయ్య హిందువే అయినా తన పొలానికీ అతన్ని పిలిపించుకునేవాడు. "ఏ దేవుడి నీళ్ళైతేనేం, పంటకి మంచిదేగా!" అనేవాడు.

డెబ్బయ్యో దశకం ముగిసేసరికి జొన్నా కందీ పోయి నల్లరేగడి అంతా పత్తి అయింది. మొదట్లో విరగకాసింది. పెంకుటిళ్ళు డాబాలయ్యాయి. ఆ తర్వాత పురుగు దిగింది. జగ్గయ్యపేట కొట్లనుంచి పురుగుమందు డ్రమ్ములు రావడం మొదలైంది. నిరుటి మందు ఈ ఏటికి పనిచేసేది కాదు. అంతకంటే ఘాటైనది తెచ్చేవాళ్ళు.

ఓ పొద్దున చర్చి చూరు కింద నువ్వులు ఒలికినట్టు తేనెటీగలు చచ్చి పడున్నాయి. జీవరత్నం భార్య జయమణి వాటిని ఊడ్చి అవతల పోసింది. దుక్కి వెనకాల నడిచే గోరువంకలు కనపడ్డం మానేశాయి. కాలవ గట్టున ఓ కొంగ తాగినవాడిలా చుట్టూ చుట్టూ తిరిగి కూలిపోయింది. దాన్ని తిన్న కుక్క మర్నాటికి చచ్చింది. కాలం మారిందని ఊరంతా అనుకుంది. జీవరత్నమూ అదే అనుకున్నాడు. కానీ ప్రార్థనలో పిచ్చుకల పేరు వచ్చేసరికి ఆగి చెట్లవంక చూసేవాడు.

ఎనభై ఏడులో ఏ మందుకూ పురుగు చావలేదు. దశరథరామయ్య మందు డ్రమ్మును బండికెత్తించి, పొద్దున్నే చర్చి ముందుకు తోలుకొచ్చాడు.

"రత్నం, నీ చెంబు పట్రా. దీనిమీద నాలుగు చుక్కలు చల్లు."

"మందు మీదాండి?"

"చేనుకి చల్లావు, ఎడ్లకి చల్లావు. దీనికీ చల్లు. నా కళ్ళముందే పురుగు కాయలోకి దూరతా ఉంది."

జీవరత్నం చెంబు తెచ్చాడు. మండ నీళ్ళలో ముంచాడు కూడా. డ్రమ్ము వాసనకు కళ్ళు మండాయి. ప్రార్థన నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నా వల్ల కాదండి."

"ఏం? ఎందుక్కాదు?"

"బతకనివ్వమని అడిగే ప్రార్థనండి ఇది. దీనిమీద ఆ మాట ఎట్లా అనను?"

దశరథరామయ్య అరవలేదు. నిద్రలేని కళ్ళతో అతనివంక చూశాడు. "చేను పోతే మరి నేను బతకొద్దా?" అన్నాడు.

జీవరత్నం మండను చెంబులోనే వదిలేసి బండివైపు తిరిగాడు.

మందు కొట్టే బుల్లిబాబు బండి పక్కనే ఉన్నాడు. ఇద్దరు పిల్లల తండ్రి, జీవరత్నం దగ్గరే జపాలు నేర్చినవాడు. జీవరత్నం అతని నుదుటిమీద సిలువ గుర్తు వేశాడు.

"గాలి ఆడట్లేదు, మందంతా నీమీదే పడుద్ది. ఇయ్యాళ వెళ్ళబాకరా."

"పని మానుకుంటే ఎట్టా బాబాయ్?" అని నవ్వి బండెక్కాడు బుల్లిబాబు.

మధ్యాహ్నానికి చేలోంచి కేకలు వినిపించాయి. జీవరత్నం పరిగెత్తాడు. బుల్లిబాబు సాళ్ళ మధ్య పడున్నాడు. నోటివెంట నురగ, ఏట్లోంచి లాగినట్టు ఒళ్ళంతా చెమట. బండిలో వేసుకుని నందిగామ ఆసుపత్రికి బయల్దేరారు. పెద్ద రోడ్డు ఎక్కకముందే ప్రాణం పోయింది. చివరి జపం జీవరత్నమే అతని చెవిలో చెప్పాడు.

సమాధి దగ్గర ఎవరో గొణిగారు, ఆ నీళ్ళు చల్లుంటే ఇట్లా జరిగేది కాదని. సాయంత్రానికి ఆ మాట ఊరంతా పాకింది. బుల్లిబాబు తల్లి మొహంమీదే అడిగింది: "దీవించనన్నావంటే శపించినట్టే గదయ్యా?" జయమణిని పత్తి ఏరడానికి పిలవడం మానేశారు.

"నాలుగు చుక్కలు చల్లితే నీ సొమ్మేం పోయేదయ్యా?" అని జయమణి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తర్వాతి నెల పూజకు వచ్చిన ఫాదర్‌గారి ముందు జీవరత్నం మోకరించి అంతా చెప్పుకున్నాడు.

"నువ్వు చల్లినా అతను పోయేవాడే రత్నం" అన్నారు ఫాదర్‌గారు.

"తెలుసండి. వెళ్ళబాక అన్నానేగానీ, చెయ్యి పట్టుకుని ఆపలా. అందుకే నిద్ర పట్టట్లా."

మరుసటి ఏడు దసరా ముందు, చేలల్లో మందులు జోరుగా కొట్టే రోజుల్లో కుంభవృష్టి కురిసింది. చేలమీది నీళ్ళన్నీ వాగులు కట్టి మునేట్లో కలిశాయి. తెల్లారేసరికి ఏటి ఒడ్డున ఒకటే కోలాహలం. నీళ్ళమీద బారెడు బారెడు చేపలు తెల్లటి పొట్టలు తేల్చి కొట్టుకొస్తున్నాయి. ఊరు ఊరంతా బుట్టలతో దిగింది. వలలు లేకుండా దొరుకుతున్నాయని ఒకటే సంబరం.

ఒడ్డుకు వచ్చిన జీవరత్నానికి గాలిలో ఆ డ్రమ్ము వాసన తగిలింది.

"తినబాకండి! మందు నీళ్ళు కలిశాయి, తినబాకండి!" అని కేకలేస్తూ ఏట్లోకి దిగి ఒక బుట్ట తిరగేశాడు. బుట్టవాడు అతన్ని ఒక్క తోపు తోశాడు.

"పంటకి దీవెన ఇయ్యవు, కూటికి అడ్డమొస్తావా?"

జీవరత్నం నీళ్ళలో పడి లేచాడు. బుల్లిబాబు తల్లి చంకలో బుట్టతో ఒడ్డెక్కుతోంది. ఎదురెళ్ళి బుట్ట అంచు పట్టుకున్నాడు. ఆమె తిట్టింది, గోళ్ళతో రక్కింది. అతను వదల్లేదు.

"నన్ను కొట్టమ్మా. పిల్లలకి మాత్రం పెట్టబాక" అన్నాడు.

అప్పటికే జయమణి కూడా బుట్ట నింపుకుని ఉంది. మొగుడి వంక చూసింది. ఒక చేపను ముక్కు దగ్గర పెట్టుకుంది. బుట్టెడు చేపలనూ ఇసుకలో పారబోసింది. అది చూసి బుల్లిబాబు తల్లి చేతులు సడలాయి. ఆ తర్వాత మరికొందరు పారబోశారు. ఎక్కువమంది ఇళ్ళకే తీసుకెళ్ళారు.

పొద్దు వాలకముందే వాంతులు మొదలయ్యాయి. నందిగామ దారిలో బండి వెంట బండి సాగింది. వెళ్ళినవాళ్ళందరూ తిరిగి రాలేదు.

సమాధులు ముగిసిన మర్నాడు దశరథరామయ్య చర్చి అరుగుమీదకు వచ్చి కూర్చున్నాడు.

"మనం తాగేదీ ఆ ఏటి నీళ్ళేగా రత్నం?" అన్నాడు ఏటివైపు చూస్తూ.

"అవునండి."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"అంతా ఆపండి అని అనలేనండి. ఏటి పక్క పొలం చెక్కన్నా వదిలెయ్యండి. అక్కడ పత్తి వద్దు, మందు వద్దు."

దశరథరామయ్య తల ఊపాడు. మాట నిలుపుకున్నాడు కూడా. మరుసటి ఏరువాకకు ఆ చెక్కలో జొన్న వేసి, చేను మోకాలెత్తు పెరిగాక జీవరత్నాన్ని దీవెనకు పిలిచాడు. ఊళ్ళో ఇంకెవరూ పిలవలేదు. పత్తి చేలు ఏటి అవతలకూ పాకాయి. జగ్గయ్యపేట నుంచి కొత్తరకం మందు వచ్చిందని, దీనికి పురుగు తప్పకుండా చస్తుందని అందరూ చెప్పుకుంటున్నారు. జీవరత్నం ఒక్కడే ఆ జొన్న చెక్క గట్టుమీద నిలబడి వాన మొదలు పిచ్చుకల దాకా అందరి పేర్లూ చదివాడు. పురుగు తిన్న చేలవాళ్ళను, మందు కొట్టేవాళ్ళను కూడా ఆ ఏడు కొత్తగా కలిపాడు. చదువుతున్నంతసేపూ ఏటి అవతల స్ప్రేయర్ల మోత వినపడుతూనే ఉంది.